ఐసు పెట్టెలో సరంగు

కోడూరు దాటిన కాసేపటికి బస్సు టైరు పేలింది. డ్రైవరు జాకీ వెతుక్కుంటుంటే నేను దిగి నడక మొదలుపెట్టాను. ఒకచోట నిలబడటం నాకు ఈ వయసులోనూ చేతకాలేదు. అరకిలోమీటరు నడిచానో లేదో, వెనక నుంచి ఒక ట్రక్కు ఆటో వచ్చి నా పక్కన ఆగింది.

"ఎందాకండీ?" అన్నాడు దాని డ్రైవరు.

"పాలకాయతిప్ప."

"మేమూ అక్కడికే. ముందు సీట్లో గ్యాసు బండ ఉంది. వెనక మా మావయ్య పక్కన సర్దుకోండి."

వెనక వలల కుప్ప, టార్పాలిన్, నీళ్ళ క్యాన్లు, ఒక పెద్ద గొడుగు, ఎర్రటి ఐసు పెట్టె. వాటి మధ్య అరవై ఏళ్ళ మనిషి. నాకు చోటివ్వడానికి ఆయన లేచి పెట్టెను అవతలికి జరిపాడు. సంచీ ఒళ్ళో పెట్టుకునే హడావిడిలో నేను చూడలేదు కానీ, టప్పున ఏదో మూసుకున్న చప్పుడు మాత్రం విన్నాను.

ఆయన పేరు వీరాంజనేయులు, ఊరు గిలకలదిండి. పదకొండో ఏట బోటెక్కాడు. నలభై ఏళ్ళు సముద్రం మీద చేపలకు ఐసు సర్ది, మోకాళ్ళు అరిగాక ఒడ్డున వలలు బాగుచేసే పనిలో కుదురుకున్నాడు. ఏటా ఎండలు ముదిరే ముందు వాళ్ళ వాడలోంచి నాలుగైదు కుటుంబాలు పాలకాయతిప్ప ఇసుకలో డేరాలు వేసుకుని పది రోజులు చేపలు ఎండబెడతాయి. ఆ పది రోజులూ చిరిగిన వలలన్నీ ఈయన ముందుకే వస్తాయి. ఇదంతా డ్రైవరు నాగబాబు వెనక్కి తిరిగి అరిచి చెప్పాడు. ఆయన మాత్రం నన్ను ఒకటే అడిగాడు.

"మేస్టారూ, పదింటికల్లా ఇసక ఎంత కాలుద్దంటారు?"

నేను మేస్టార్ని కాను. కళ్ళద్దాలూ పుస్తకాల సంచీ ఉన్నవాళ్ళందరినీ ఇటువైపు అలాగే పిలుస్తారు. "చెప్పుల్లేకుండా నిలబడలేం," అన్నాను.

"అదే నా బాధ. మనకి చెప్పులున్నాయి. మా సరంగుకో?"

బోటు నడిపేవాణ్ణి సరంగు అంటారు. చెప్పుల్లేని సరంగు ఎవరా అని చూశాను. నాగబాబు పకపకా నవ్వాడు.

"కుక్కండీ బాబూ! పన్నెండేళ్ళ ముసల్ది. మావయ్యకి ముందు అదీ, తర్వాత మా అత్త. అత్త ఎదురుగా మాత్రం వరస మారుస్తాడు."

"నువ్వు రోడ్డు చూడరా," అన్నాడు వీరాంజనేయులు.

పిల్లగా ఉన్నప్పుడు అది బోటులోని వలల్లో దూరి నిద్రపోయిందట. నాలుగు గంటల ప్రయాణం తర్వాత నడిసముద్రంలో బయటికొచ్చి, తిన్నగా వెళ్ళి చుక్కాని పక్కన కూర్చుందట. పేరు అలా వచ్చింది.

"ఇంటి దగ్గర వదిలి రాకపోయారా?" అన్నాను.

"ముందటేడు వదిలా. మా ఇంటిది పెద్దింట్లమ్మ పొద్దున్నే రైలెక్కి గుడివాడ బజారుకి చేపలు తీసుకెళ్ళుద్ది. పగలంతా ఎవరూ ఉండరు. ఆరు రోజులు మెతుకు ముట్టలేదండీ. పోయినేడు వెంట తెచ్చా. ఉప్పునీళ్ళు తాగి రెండ్రోజులు విరోచనాలు. ఆనక ఇసకలో ఎవడో పారేసిన గాలం ముల్లు పెదవికి దిగింది. ఇంటికెళ్ళాక పెద్దింట్లమ్మ నాతో నాలుగు రోజులు మాట్లాడలా. ఇయ్యాల బయల్దేరేటప్పుడు ఒకటే అంది. అది లేకుండా గడప తొక్కావంటే చూడమంది."

"నువ్వు రాకపోయినా పర్లేదంది మావయ్యా. నేను విన్నా."

ఆయన నవ్వలేదు. ఈసారి జాగ్రత్తలన్నీ వరసగా చెప్పుకొచ్చాడు. నాకు చెబుతున్నట్టు లేదు, తనకు తాను పాఠం అప్పజెప్పుకుంటున్నట్టుంది. కొత్త నీళ్ళు పడవు కాబట్టి ఇంటి నీళ్ళే నాలుగు క్యాన్లు. పాదాలకు కొబ్బరినూనె. పడుకోవడానికి ఇసుకలో గొయ్యి తీసి తడి గోనె పరవాలి, పైన గొడుగు పాతాలి. చుట్టూ నాలుగు కర్రలు నాటి పాత వల కట్టాలి.

"వలెందుకు?"

"బంతిలా ఉబ్బే చేప ఉంటది చూడండి, వలలో పడితే పారేస్తాం. మనిషినే చంపేసే విషం. పోయినేడు పక్క డేరా కుక్క ఒకటి తినేసింది. మధ్యాన్నానికి కాళ్ళు చచ్చుబడ్డాయి. సాయంత్రానికి లేదు." చేతిలో ఉన్న వేలెడు చెక్కముక్కతో గాలిలో చిన్న చదరం గీశాడు. "ఇంత కంచె చాలుద్దంటారా? దూకే వయసు కాదులెండి. కానీ వాసనొస్తే ఏ వయసైనా దూకుద్ది."

ఆ ఎండ మాటలు వింటుంటే నాకు బందరులో డచ్చివాళ్ళ సమాధులు గుర్తొచ్చాయి. ఒకసారి ఆ చెక్కిన రాళ్ళ మధ్య మధ్యాహ్నమంతా తిరిగాను. చల్లటి దేశం నుంచి వచ్చినవాళ్ళు ఈ ఉప్పుగాలికీ ఉక్కకూ ఎలా తట్టుకున్నారో! కుక్కల్ని కూడా ఓడల్లో తెచ్చుకునే ఉంటారు. వాటికోసం ఎవరైనా గోనె తడిపారో లేదో ఏ రాయీ చెప్పదు. ఈ ముక్క ఆయనతో అనబోయి, అసలు సంగతి అడగలేదని గుర్తొచ్చింది.

"ఇంతకీ మీ సరంగు ఏడీ?"

"ఇందులోనండి." ఐసు పెట్టె మీద చెయ్యి వేశాడు. "ఆటో రేకు పెనంలా కాలుద్ది గదా. అడుగున ఐసు పోసి, పైన చెక్కేసి, గోనె పరిచి పడుకోబెట్టా. మా బోట్లో చేపక్కూడా ఇంత మర్యాద లేదు. మూత పూర్తిగా వేస్తే గాలాడదని సందులో చెక్కముక్క..."

 ఆయన తన చేతిలోని చెక్కముక్కను చూశాడు. నేనూ చూశాను. మూతకు రెండు కొక్కేలూ వేసి ఉన్నాయి.

నేనెక్కి అప్పటికి ఇరవై నిమిషాలు.

"ఆపరా! నాగబాబూ, ఆపు!"

కొక్కేలు ఆయన వేళ్ళకు దొరకలేదు. ఒకటి నేను తీశాను. మూత లేవగానే లోపలి నుంచి చెమ్మపట్టిన, బరువైన గాలి కొట్టింది. గోధుమరంగు కుక్క పక్కకు ఒరిగి ఉంది. నాలుక పళ్ళ మధ్య నీలంగా వేలాడుతోంది. ఆయన దాన్ని రెండు చేతులా ఎత్తి కిందికి దిగాడు. ఎప్పుడు దిగాడో, ఆ మోకాళ్ళతో ఎలా దిగాడో చెప్పలేను. సరుగుడు చెట్ల నీడలో పడుకోబెట్టాడు.

నాగబాబు నీళ్ళ క్యానుతో పరుగెత్తుకొచ్చాడు.

"నోట్లో పొయ్యకు! ఊపిరికి అడ్డం పడుద్ది. చెవులు తడుపు, చాలు."

ఆయన దాని పక్కటెముకల మీద అరచెయ్యి ఆనించి కూర్చున్నాడు. వల బిగువు చూసే చెయ్యి అది. మేమిద్దరం ఆ చెయ్యి వైపే వంగాం. రోడ్డు మీద ఒక మోటారు సైకిలు వెళ్ళిపోయింది.

"నేనే వేశాను మేస్టారూ," అన్నాడు తల ఎత్తకుండా. "పెట్టె కదిపితే మూత నొక్కి కొక్కెం వెయ్యాలి. లేకపోతే బోటు సరంగు తిట్టేవాడు, ఐసు కరిగితే సరుకంతా పాడు. నలభై ఏళ్ళు అదే పని. మీకు చోటిద్దామని కదిపా. చెక్క తీసి చేత్తో పట్టుకున్నా, మూతేశా. నాకు తెలీనే తెలీదు."

పెట్టె కదపాల్సి వచ్చింది నా కోసమే. 

అప్పుడు కుక్క పొట్ట ఒకసారి ఎగిరి పడింది. ఆగింది. మళ్ళీ ఎగిరింది. కాసేపటికి దగ్గి, పసరు కక్కింది. ఆయన దాని మూతి తన లుంగీతో తుడిచాడు. ఐసు మీద తడిసిన పొట్ట వణుకుతుంటే, నీడ కోసం ఇంత తంటాలు పడ్డ మనిషే దాన్ని ఎండలోకి మోసుకెళ్ళి కూర్చోబెట్టాడు. పావుగంటకు అది తూలుకుంటూ లేచింది, ఆయన దోసిట్లో నాలుగు గుక్కలు తాగింది.

"బతికించావే తల్లీ," అన్నాడు నాగబాబు. "ఎక్కు మావయ్యా. ఇంకెంత, ఆరు కిలోమీటర్లు. ఒళ్ళో పెట్టుకో."

ఆయన దాన్ని ఎత్తి ఆటో దాకా తీసుకెళ్ళాడు. ఎర్ర పెట్టె కనపడగానే అది నాలుగు కాళ్ళూ బిగదీసి, ఆయన చేతిలోంచి జారి కిందికి దూకింది. రెండోసారీ అంతే. మూడోసారి ఎత్తబోతే మూలిగింది, పళ్ళు చూపించింది. ఆయన చేతులు వెనక్కి తీసుకున్నాడు.

"పెట్టె పారేద్దామా?" అన్నాను.

ఆయన గొడుగు తీసి చంకలో పెట్టుకున్నాడు. ఒక చిన్న క్యాను భుజానికి తగిలించుకున్నాడు. చెప్పు విప్పి తారు మీద పాదం మోపి చూసి, వెంటనే తీసేశాడు. రోడ్డు పక్కన కాలవ గట్టు మీద గడ్డి ఉంది. అటు దిగాడు.

"నడిచా? ఆ మోకాళ్ళతో ఆరు కిలోమీటర్లా? మావయ్యా, పిచ్చా నీకు?"

కుక్క కాసేపు నిలబడి చూసింది. తర్వాత రెండు బారల దూరం వదిలి ఆయన వెనక నడవసాగింది. దగ్గరికి మాత్రం రాలేదు. ఆయన ఆగితే అదీ ఆగుతోంది. ఆయన గొడుగు విప్పి, చెయ్యి వెనక్కి చాపి, దాని మీద నీడ పడేలా పట్టుకోవాలని చూస్తున్నాడు. నీడ ఇంకా దాని తల దాకా అందడం లేదు.

"మేస్టారు కూడా ఉన్నారు, ఒక మాటన్నా చెప్పవేం!" అని అరిచాడు నాగబాబు.

ఆయన మా వైపు తిరగలేదు. గొడుగు ఇంకొంచెం వెనక్కి వంచి, అడుగు చిన్నది చేసుకుని, గట్టు వెంట సాగిపోయాడు.