బాత్రూమ్‌లోంచి చెరువు

జలప్రళయం, భార్యాభర్తల మహాసంగ్రామం, ఒక బండరాయి చెప్పిన సాక్ష్యం, అన్నీ ఉన్న ఇతిహాసం చెబుతాను, సర్దుకుని కూర్చోండి. అంటే, మరీ అంత లేదు లెండి. నానక్‌రామ్‌గూడ పక్కన మా నాన్న కొన్న రెండు వందల గజాల కథ. మొన్న ఒకమ్మాయి ఫోన్ చేసి, చెరువు కనిపించే ఫ్లాట్లున్నాయి సార్, ఆ వైపుకైతే రేటు కొంచెం ఎక్కువ అనేసరికి గుర్తొచ్చింది.

తొంభైల చివర్లో, హైటెక్ సిటీ ఇంకా పునాదుల వాసన వేస్తున్న రోజుల్లో, గవర్నమెంటు గుమాస్తా అయిన మా నాన్న పీఎఫ్ అంతా తీసి, అమ్మనీ నన్నూ స్కూటరెక్కించుకుని మండుటెండలో స్థలాలు చూడ్డానికి బయల్దేరాడు. రెండు చూపించారు. ఒకటి మిట్ట మీద, ఏనుగులంత బండలతో. రెండోది కింద, చదునుగా, నల్లగా, చవగ్గా. మా నాన్నది కృష్ణా డెల్టా. నల్లమట్టి కనిపిస్తే చెప్పులు విప్పే రకం. బండలంటే ఆయన దృష్టిలో దేవుడు సర్దడం మరిచిపోయిన సామాను.

బండల స్థలం తాలూకు ముసలాయన, ఆ ఊరివాడే, తువ్వాలుతో విసురుకుంటూ, "జర సోంచాయించు సారూ. వానలు వడ్డయంటే గిదంత చెరువే. ఇల్లు గడ్తవా, పడవ గొంటవా?" అన్నాడు. తన రాళ్లు అంటగట్టడానికే ఆ మాటలని నాన్న నా చెవిలో ఊదాడు. చెరువు ఎండిపోయి ఏళ్లయిందండీ అని నల్లమట్టి స్థలం చూపించిన బ్రోకరు ఒట్టేశాడు.

కాలవ గట్టున పుట్టిన మా అమ్మ ఎవరితోనూ వాదించలేదు. నల్లమట్టి మధ్యలో ఉన్న ఒకే ఒక్క బండ దగ్గరికి నడిచి, దాని మీద తన తలకంటే ఎత్తున సున్నం గీసినట్టున్న తెల్లటి చార మీద అరచెయ్యి ఆనించి, "నీళ్లు ఇక్కడిదాకా వస్తే నేను వంట ఎక్కడ చెయ్యాలండీ?" అని మాత్రం అడిగింది. నాన్న ఆ చారను కాసేపు చూసి, చెప్పులు తొడుక్కున్నాడు.

అలా బండలు కొన్నాం. వానాకాలం వచ్చేసరికి ఆ నల్లమట్టి మీద గేదెలు ఈదుతున్నాయి. మట్టి మాత్రం మంచిదేనని నాన్న చాలాకాలం అంటుండేవాడు.

చెరువు పక్కన ఇల్లంటే దోమలు, పాములు, చెమ్మ అని ధర తగ్గించి అడిగే కాలం అది. నాన్న ఇంటికి చెరువు వైపు వీపు పెట్టించాడు. ఇంటిని నీళ్లనుంచి కాపాడిన అమ్మ, వంటింట్లోంచి నీళ్లు కనబడేలా ఒక్క కిటికీ అడిగింది. దోమలొస్తాయన్నాడు. చివరికి అటు వైపు మిగిలింది బాత్రూమ్ వెంటిలేటర్ ఒక్కటే.

ఆ తర్వాత అమ్మ స్నానాలు అరగంటకు పెరిగాయి. బకెట్ బోర్లించి దానిమీద ఎక్కి నిలబడేది. నాన్న బయటినుంచి ట్యాంకు ఖాళీ అవుతోందని గోల పెడితే, లోపలినుంచి "కొంగలొచ్చాయండీ" అని జవాబొచ్చేది. మూడో బకెట్ పగిలాక, ఒకరోజు బాత్రూమ్‌లో కొత్త చెక్క స్టూలు కనిపించింది. ఎవరు తెచ్చారని ఎవరూ అడగలేదు. బకెట్లు ఖరీదైపోయాయని నాన్న పేపరు వెనకనుంచి అన్నాడు, అంతే.

ఇప్పుడు మా ఇంటికీ చెరువుకీ మధ్య ఇరవై అంతస్తులు లేచాయి. ఒకప్పుడు ఏ చెరువు పేరు చెప్పి ధర తగ్గించేవారో, ఇప్పుడు దాని పేరే చెప్పి పెంచుతున్నారు. పాపం చెరువు ఏమీ చెయ్యలేదు, కాస్త చిక్కింది తప్ప. మీ ఫ్లాట్‌లో చెరువు వైపు బాత్రూమ్ వస్తుందా అని ఆ ఫోనమ్మాయిని అడిగాను. రాదట. అమ్మకు చూపించి ప్రయోజనం లేదనుకుని పెట్టేశాను.

స్టూలు మాత్రం ఇంకా అక్కడే ఉంది. ఎలక్ట్రీషియన్ గీజరు స్విచ్ మరీ పైన పెట్టాడు, అది లేకపోతే అందదు.