మూడు గంటల రిలీవర్

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడు, జూన్ ఒకటో తారీఖున నేను శ్రీరాంపూర్ నుంచి గోదావరిఖనికి బదిలీ అయి, ఒక భూగర్భ గనిలో సంక్షేమ అధికారిగా చేరాను. సర్వీసులో అదే నా ఆఖరి పోస్టింగు. ఈ హోదా గురించి బయటివాళ్లకు పెద్దగా తెలియదు. బొగ్గు తవ్వేదీ మేం కాదు, తవ్వించేదీ మేం కాదు. సెలవు, క్వార్టరు, దవాఖాన, పింఛను, ఇంటి గొడవ, ఇలా కార్మికుడికి వచ్చే ప్రతి కష్టమూ అర్జీ రూపంలో మా బల్ల మీదికి చేరుతుంది. ముప్పయ్యేళ్లు ఈ పని చేసినవాడికి, కాగితం సరిగ్గా రాస్తే కష్టం సగం తీరినట్టేననే నమ్మకం పడిపోతుంది. నాకది కాస్త ముదిరింది కూడా.

చేరిన వారానికే, ఇంట్లో మనిషిని చూసుకోవడానికి సాయం కావాలని రాజవ్వ అనే ఆమె అర్జీ పెట్టింది. ఆమె భర్త మల్లయ్య మా గనిలోనే సర్దార్‌గా చేసి రిటైరయ్యాడు. గనిలో కొంత మేర సర్దార్ చేతి కింద ఉంటుంది. షిఫ్టు మొదట్లో ఆయన కర్రతో పైకప్పు తట్టి చూస్తాడు. ఖంగుమంటే గట్టిది, డొల్లగా మోగితే పెళ్ల ఊడిపడుతుంది. ఆయన సరే అన్నాకే మిగతావాళ్లు లోపలికి అడుగు పెట్టాలి. మల్లయ్యకు మతిమరుపు మొదలై మూడేళ్లయింది. దవాఖానలో అల్జీమర్స్ అని తేల్చారు. వాడకట్టులో మాత్రం పిస్స లేచిందనే, అంటే పిచ్చి పట్టిందనే అనుకున్నారు.

విచారణకని నేనే వెళ్లాను. గడప దాటబోతుంటే మల్లయ్య కర్ర అడ్డం పడింది.

"ఆగు. నెత్తి మీద టోపీ లేకుంట లోపటికి ఎట్ల పోతవు? ఏమన్నయితే జిమ్మేదారి ఎవలది?"

నేను ఫలానా అధికారినని చెప్పుకున్నాను. ఆయన చెవిన కూడా వేసుకోలేదు. రాజవ్వ వంటింట్లోంచి ఒక అల్యూమినియం గిన్నె తెచ్చి నా చేతిలో పెట్టింది.

"జెరసేపు పెట్టుకోండ్రి సారూ. లేకుంటే రానియ్యడు."

ఎదురింటివాళ్లు చూస్తుండగా, ఇస్త్రీ చొక్కా వేసుకున్న అధికారిని, గిన్నె బోర్లించుకుని లోపలికి వెళ్లాను. మల్లయ్య నా నెత్తి మీద రెండుసార్లు తట్టి చూసి, సరే పొమ్మన్నాడు.

ఆ గిన్నె పెట్టుకునే రాజవ్వ గోడు విన్నాను. పొద్దున ఏడింటి సైరన్‌కు ఆయన కర్ర పట్టుకుంటాడు. గోడలూ దూలాలూ అన్నీ తడతాడు. వంటింటి పైకప్పు బాగాలేదంటూ ఆమెను అటు పోనివ్వడు. ఆయన కాలంలో ఆడవాళ్లు బాయిలోకి, అంటే గనిలోకి, దిగేవారు కాదు. అందుకని, "ఆడోళ్లను బాయిల దింపిందెవడు?" అని సొంత పెళ్లాన్ని సొంత వంటింట్లోంచి వెళ్లగొడతాడు. ఇదంతా ఒక ఎత్తు, మధ్యాహ్నం మూడింటి సైరన్ ఒక ఎత్తు. అది మోగగానే వెళ్లి వాకిట్లో నిలబడతాడు. అన్నం తినడు, మంచినీళ్లు ముట్టడు, కూర్చోడు. చీకటి పడి కాళ్లు వణికి కూలబడేదాకా అంతే. మనిషి సగమైపోయాడు. రామకృష్ణాపూర్‌లో ఉండే బిడ్డ, ఇట్లాంటివాళ్లను చూసుకునే ఆశ్రమం హైదరాబాద్‌లో ఉందని, అక్కడ చేర్పిద్దామని పోరుతోంది.

"నీకేం అనిపిస్తోందవ్వా?" అని అడిగాను.

"నాకు చాతనైతలేదు సారూ" అంది. దాన్ని నేను సమ్మతిగా రాసుకున్నాను. నా మొదటి పొరపాటు అది.

ఇక నా విద్యంతా చూపించాను. జీతంలోంచి విరాళం కోయాలంటే ఒక్కో కార్మికుడి నుంచి విడిగా సమ్మతి పత్రం తీసుకోవాలి. దేనికోసం కోస్తున్నామో అందులో స్పష్టంగా రాయాలి. మూడు షిఫ్టుల ముందూ గని మీద నిలబడి, ఆశ్రమం ఖర్చుకు తలా ఒక మస్టరు, అంటే ఒక రోజు కూలి, ఇవ్వమని అడిగాను. మల్లయ్య పేరు చెబితే చాలు, చాంతాడంత వరుస కట్టి సంతకాలు పెట్టారు. అబ్బో, నా ఛాతీ ఎంత ఉబ్బిందో!

ఆ ఉబ్బంతా రాజవ్వ ముందు దిగిపోయింది. పత్రాల కట్ట చూపించాను. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అంది: "ఇన్నేండ్లు బాయికి తోలిచ్చిన. ఎప్పుడు తోలిచ్చినా మర్లి వచ్చిండు. ఇప్పుడు తోలిస్తే మర్లి రాడు గద సారూ."

ఆ కట్టను అలాగే వెనక్కి తెచ్చుకున్నాను.

మర్నాడు కొమురయ్య అనే సర్దార్ నా గదికి వచ్చాడు. మల్లయ్య చేతి కింద పని నేర్చుకున్నవాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏమనుకోకుండ్రి సారూ. మూడు కొట్టినంక మల్లయ్య కాక ఎందుకు తింటలేడో మీకు ఎర్కేనా? రిలీవర్ రాలే. తర్వాతి షిఫ్టు సర్దార్ వచ్చి చార్జ్ తీసుకోకుంట, మనుషుల్ని ఇడిసిపెట్టి ఆయన ఎట్ల వస్తడు? పట్నంల ఎవలు దింపుతరు ఆయన్ని డ్యూటీ?"

ఆ నియమం నాకు తెలియనిది కాదు. దాన్ని ఉల్లంఘించినవాళ్లకు ఎన్నో చార్జిషీట్లు నా చేత్తోనే ఇచ్చాను. అయినా వాకిట్లో నిలబడ్డ మనిషికి దాన్ని కలుపుకోలేకపోయాను. సిగ్గేసింది.

కొమురయ్యకు ఆ వారం రాత్రి షిఫ్టు కాబట్టి మధ్యాహ్నం ఖాళీ. బూట్లు తొడుక్కుని, టోపీ పెట్టుకుని సరిగ్గా మూడింటికి వాకిట్లోకి వచ్చాడు. వెనక నేనున్నాను, నెత్తి మీద గిన్నెతో.

"కాకా, వచ్చిన. ఎట్లున్నది?"

మల్లయ్య అతన్ని ఎగాదిగా చూశాడు. "ఇంత లేటా? మంచిగనే ఉన్నది. రెండో అర్ర మూలకు డొల్లగున్నది, పైలం" అని గది వైపు చూపిస్తూ జాగ్రత్త చెప్పాడు. కొమురయ్య నోట్‌బుక్ చాపితే అందులో ఏవో గీతలు గీసి, కర్ర అప్పజెప్పాడు. లోపలికి వెళ్లి చొక్కా విప్పి కొక్కేనికి తగిలించి, "ఆకలైతంది, అన్నం పెట్టు" అన్నాడు. రాజవ్వ వడ్డిస్తూ ఏడ్చింది. నేనూ కొమురయ్యా ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

సమ్మతి ఆశ్రమం కోసం తీసుకున్నది. ఇంకో పనికి వాడడానికి నిబంధన ఒప్పుకోదు. మళ్లీ గని మీదికెక్కి, నా ఆలోచన తప్పని చెప్పి, ఇట్లాంటివాళ్లను ఇంట్లోనే చూసుకునేందుకు కొత్త పత్రాలు అడిగాను. బొగ్గు తొట్లు లాగే హాలేజీ మీద పనిచేసే ఒక కార్మికుడు నవ్వాడు. "మస్టరు పైసలు తీసుకోండ్రి సారూ. ఉత్త మస్టరు, పైసల్లేని డ్యూటీ గూడ చేస్తం. కాకను రిలీవ్ చేసెటందుకు ఎవలెప్పుడు పోవాల్నో రాయుండ్రి." రిటైరైనవాళ్లూ, వారపు సెలవులో ఉన్నవాళ్లూ పేర్లిచ్చారు. ఇట్లాంటి మనిషి మా ఇంట్లోనూ ఉన్నాడని, అంతదాకా దాచుకున్న ఇంకొన్ని కుటుంబాలు బయటపడ్డాయి. నిధి వాళ్ల మందులకూ రానుపోను ఖర్చులకూ పనికొచ్చింది. శనివారాలకు నా పేరు రాసుకున్నాను.

డ్యూటీ పట్టికను అందంగా టైపు చేయించి రాజవ్వకు చూపించాను. ఆమె వేలు పెట్టి ఒక్కో పేరూ చదివించుకుంది.

"ఆయన్ని రిలీవ్ చేసేటోళ్లు మస్తుమందయ్యిండ్రు. నన్నెవలు రిలీవ్ చేస్తరు సారూ?"

నిష్ఠూరంగా అనలేదు, ఊరికే అడిగింది. మూడేళ్లుగా ఆమెది ఒకటే షిఫ్టు. పట్టికలో ఆమెకు గడే లేదు. కొమురయ్య భార్య సరోజ, ఇంకో ఇద్దరు ముందుకొచ్చాక రెండో పట్టిక తయారైంది. ఆ శ్రావణంలో రాజవ్వ రెండు రోజులు గోలేటిలో ఉన్న తన అక్క దగ్గరికి వెళ్లింది.

ఆమె తిరిగొచ్చే రోజు శనివారం. మూడింటికి వెళ్లాల్సింది నేను. వేతన సవరణ ఫైలు పట్టుకుని కూర్చుని ఇరవై నిమిషాలు ఆలస్యం చేశాను. పరుగున వెళ్లేసరికి మల్లయ్య వాకిట్లో వణుకుతూ నిలబడి ఉన్నాడు. పక్కన సరోజ బతిమాలుతోంది. అప్పుడే బస్సు దిగి వచ్చిన రాజవ్వ సంచీ అరుగు మీద పెట్టింది. లోపలికి వెళ్లి ఆ అల్యూమినియం గిన్నె నెత్తిన పెట్టుకుని వచ్చి, ఆయన ఎదుట నిలబడింది.

"వచ్చిన. చార్జ్ ఇయ్యి."

ఆడోళ్లు దిగొద్దంటాడని నేను గేటు దగ్గరే ఆగిపోయాను. ఆయన గిన్నె మీద రెండుసార్లు తట్టి చూశాడు.

"అంత మంచిగనే ఉన్నది. ఈడ ఒక ఆడమనిషి పనిచేస్తది. చెప్పినా ఇనది, వంటింట్లకే పోతది. రెండు దినాలసంది కనబడ్తలేదు. వస్తే మూలకు పోనియ్యకు. పైలంగ చూసుకో."

"చూసుకుంట" అని రాజవ్వ కర్ర అందుకుంది. ఆయన అన్నానికి లోపలికి వెళ్లాడు. ఆమె మాత్రం గిన్నె తియ్యకుండా అక్కడే కాసేపు నిలబడిపోయింది.

రిటైరయ్యేదాకా శనివారాలు మళ్లీ ఆలస్యం చేయలేదు. సంక్షేమ ప్రతిపాదనల నమూనాలో ఒక మార్పు కూడా చేశాను. అంతకుముందు మొదటి గడి 'కావలసిన మొత్తం' అని ఉండేది. దాన్ని రెండో గడికి దించి, మొదటి గడిలో 'రిలీవర్ ఎవరు' అని వేయించాను.