ఒకదాని మీద ఒకటి రెండు దీపాలు

ఆదివారం పొద్దున ఉప్పల్ రింగు రోడ్డు దగ్గర బస్సు కోసం నిలబడి ఉండగా మా కింది వాటా అమ్మాయి ఫోన్ చేసింది. "నాన్న నిద్రలోనే పోయారు అన్నయ్యా" అంది. రిపోర్టర్‌గా చావు కబుర్లు చాలా విన్నాను. ఎప్పుడు, ఎలా అని అడగడం అలవాటు. ఆ రోజు ఏమీ అడగలేదు. రోడ్డు దాటి నాచారం వెళ్లే ఆటో ఎక్కాను.

ఆయన్ని నేను బాబాయి అనేవాణ్ని. తూర్పు గోదావరి తీరంలో ఒక చిన్న హార్బరు ఆయనది. చేపల బోటు నడిపే సరంగు. వయసు మీద పడ్డాక కూతురి దగ్గరికి వచ్చేశారు. అల్లుడు ఇక్కడ మందుల కంపెనీలో పనిచేస్తాడు. మా వీధి టీకొట్టులో బాబాయిని కెప్టెన్ సాబ్ అనేవాళ్లు. "గీ నాచారంల సముద్రం యాడుంది కెప్టెన్ సాబ్?" అని టీకొట్టాయన ఆటపట్టిస్తే, "వానలు పడనివ్వండి, ఉప్పల్ రోడ్డు మీద చూపిస్తాను" అనేవారు.

బోటును మేనల్లుడికి అప్పగించారు గానీ ఒక్క పని మాత్రం అప్పగించలేదు. చీకట్లో హార్బరులోకి రాకూడదు. పొద్దుపోతే బయటే లంగరు వేసుకుని తెల్లవారేదాకా ఆగాలి. మిగతా బోట్లవాళ్లు నవ్వుతున్నారని మేనల్లుడు ఫోన్‌లో మొరపెట్టుకునేవాడు. బాబాయి మెత్తబడేవారు కాదు.

ఎందుకో నాకు మా డాబా మీద చెప్పారు. సాయంత్రాలు అక్కడ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవారు. పక్క వీధిలో సెల్ టవర్ మీద ఎర్ర దీపం, దాని వెనక దూరంగా కంపెనీ పొగగొట్టం మీద ఇంకొకటి. హార్బరులో కూడా అంతేనట. ముందు కిందుగా ఒకటి, వెనక ఎత్తులో ఒకటి. రెండూ ఒకదాని మీద ఒకటి కనిపిస్తే సరైన దారిలో ఉన్నట్టు. నన్ను డాబా మీద అటూ ఇటూ నడిపించారు. నేను జరిగితే దీపాలు విడిపోయాయి. "కింది దీపం ఎటు జరిగితే బోటు అటు తిప్పాలి. చీకటితో భయం లేదబ్బాయ్, ఊరి దీపాలతోనే తంటా" అన్నారు.

రెండేళ్ల కింద ఆయన ఊరికి వెళ్తూ నన్నూ రమ్మన్నారు. పొద్దున్నే బోటులో బయల్దేరాం. తిరుగు దారిలో బోటు అడుగున నీళ్లలో తిరిగే ఫ్యానుకు ఎవరిదో తెగిపోయిన వల చుట్టుకుంది. దాన్ని కోసి తీసేసరికి చీకటి పడింది. గాలి లేచింది. లంగరు నిలవడం లేదు. బాబాయి కాసేపు గాలి వైపు చూసి, మేనల్లుడితో అన్నారు: "నువ్వే తీసుకెళ్లు. చూస్తాను."

క్యాబిన్‌లో బల్బు ఆర్పించారు. ఫోన్లు జేబుల్లో పెట్టించారు. జీపీఎస్ తెర కూడా ఆర్పించారు. కళ్లు చీకటికి అలవాటు పడాలి. పైగా కిందటి తుపానుకు హార్బరు రాళ్ల గోడ చివరి నుంచి జారి నీళ్లలో పడిన రాళ్లు ఆ తెరలో లేవు. ఎదురుగా ఒడ్డంతా దీపాలే. మేనల్లుడు వాటిల్లోంచి రెండు ఎర్ర దీపాలు పట్టుకున్నాడు. ఒకదాని మీద ఒకటి, తిన్నగా. నాక్కూడా కనిపించాయి. డాబా మీద చూసినట్టే ఉన్నాయి. నాకు భయం కంటే ఉత్సాహమే ఎక్కువ.

"ఒరేయ్, మనం ఇంతలా పక్కకి కొట్టుకుపోతున్నాం. ఆ రెండూ విడిపోవేంట్రా?" అన్నారు బాబాయి. కళ్లు చికిలించి మళ్లీ చూశారు. "రెండూ ఒకే గుంజకున్నాయి. బయటికి తిప్పు."

మేనల్లుడు తిప్పేశాడు. బోటు ఒక పక్కకి ఒరిగింది. అప్పుడు విన్నాం, కుడివైపు చాలా దగ్గరగా, రాళ్ల మీద అల పగిలే చప్పుడు. మేం నమ్మినవి ఒడ్డున పెళ్లి పందిరి ముందు నిలబెట్టిన లైటింగు స్తంభం మీది దీపాలు.

అసలు దీపాలు ఆ వెలుగు పక్కన మసగ్గా ఉన్నాయి. బాబాయికి ఒక కంట్లో పొర. "అబ్బాయ్, కింది దీపం ఎటుంది?" అని నన్ను అడిగారు. ఎడమకి జరిగిందన్నాను. బోటు ఎడమకి తిరిగింది. ఇంకొంచెం అన్నాను. కింది దీపం మెల్లగా జరిగి పైదాని కిందికి వచ్చింది. అల ఒకటి వెనక నుంచి ఎత్తింది, రెండు గోడల మధ్య నుంచి లోపలికి జారిపోయాం. నీళ్లు ఒక్కసారిగా కదలడం మానేశాయి.

బోటులో వలలు లాగే కుర్రాడు ముందు నోరు తెరిచాడు. ఎలాగూ పెళ్లికి బయల్దేరాం కదా, భోజనం చేసే పోదామన్నాడు. బోటంతా నవ్వు. మేనల్లుడు మాత్రం తల దించుకుని తాళ్లు కట్టుకుంటున్నాడు. ఇక చీకట్లో బోటు తన చేతికి ఇవ్వరనుకున్నాడు.

జెట్టీ మీద బాబాయి వాడి భుజం మీద చెయ్యి వేశారు. "ఆ దీపాలకి నేనూ మోసపోయేవాణ్నేరా. తిప్పమనగానే ఎందుకని అడక్కుండా తిప్పావు. ఇక నుంచి ఏ వేళైనా తెచ్చుకో."

మొన్న మేనల్లుడు నాచారం వచ్చాడు. కర్మలన్నీ అయ్యాక, పొద్దుగూకే వేళ డాబా మీదికి తీసుకెళ్లాను. డాబా దీపాల సంగతి వాడికి నేను చెప్పలేదు. సెల్ టవర్ మీద ఎర్ర దీపం వెలిగింది, వెనక పొగగొట్టం మీద ఇంకొకటి. వాడు వాటినే చూస్తూ పక్కకి నడిచాడు. ఒక అడుగు, ఇంకో అడుగు. రెండు దీపాలూ ఒకదాని మీద ఒకటి వచ్చిన చోట ఆగాడు. మోకాలికి ఏదో తగిలితే కిందికి చూశాడు.

బాబాయి కుర్చీ.