నేను వెతికి పట్టిన బొమ్మ రైళ్ల దుకాణం

మా ఆయన ఆర్వోను ప్రపంచంలో ఏ ఊళ్లో దింపినా సరే, భోజనం వేళకల్లా అక్కడి బొమ్మ రైళ్ల దుకాణం పట్టేసేవాడు. కోటలూ మ్యూజియాలూ ఆయనకు అక్కర్లేదు. ఎడింబరోలో నన్ను కోట గోడ కింద బెంచీ మీద కూర్చోబెట్టి, "ఇప్పుడే వస్తా ఇర్యా" అని వెళ్లిన మనిషి, సాయంత్రం వాన మొదలయ్యాక రెండు డబ్బాలు చంకన పెట్టుకుని నవ్వుకుంటూ వచ్చాడు. వియన్నాలో నేను చూసిన రాజభవనం ఏమిటయ్యా అంటే, ఒక లాండ్రీ కింద నేలమాళిగ. ఒసాకాలో అయితే లిఫ్టు లేని నాలుగో అంతస్తు. మోకాళ్లు పట్టుకుని ఎక్కాను. ఎక్కి చూస్తే ఏముంది, అచ్చం నా మొగుడిలాంటి వాళ్లే గుంపుగా నిలబడి, ఒకరి భాష ఒకరికి రాకపోయినా, రైలు పెట్టెల్ని తిరగేసి చక్రాలు చూస్తూ తలలాడిస్తున్నారు.

తిట్టేదాన్ని. తిట్టనా మరి? కానీ ముప్ఫయ్యేళ్లు తిడుతూ వెంట తిరిగితే విద్య అబ్బకుండా ఉంటుందా! ఇలాంటి దుకాణం పెద్ద బజారులో ఉండదు, అక్కడి అద్దె వాళ్లు కట్టుకోలేరు. స్టేషన్ వెనకవైపు సందుల్లో ఉంటుంది. కిటికీలో పెట్టిన డబ్బాలు ఎండకు వెలిసిపోయి ఉంటాయి. యాత్రికుల ఆఫీసులో అడిగితే లాభం లేదు. ప్లాట్‌ఫాం చిట్టచివర, ఎవరూ నిలబడని చోట, మెడలో కెమెరాతో ఒక పెద్దమనిషి నిలబడి ఉంటాడు చూడండి, ఆయన్ని అడగాలి. ఆయనకు తెలుస్తుంది. తెలియకపోతే ఆ ఊళ్లో దుకాణం లేనట్టే.

ఆర్వో పనిచేసింది ఇక్కడే, కెనడాలోని మా థండర్ బేలో, సరస్సు ఒడ్డున ధాన్యం గోదాముల్లో. పడమటి నుంచి గోధుమలతో వచ్చిన రైలు పెట్టెల్ని ఖాళీ చేయించి ఓడలకు ఎక్కించే పని. పగలంతా నిజం రైళ్ల మధ్య తిరిగి, ఇంటికొచ్చి సూప్ తాగి, మళ్లీ నేలమాళిగలోకి దిగి బొమ్మ రైళ్లు నడిపేవాడు.

"పొద్దున్నుంచీ చూసింది చాల్లేదా?" అనేదాన్ని.

"అవి కంపెనీవే. ఇవి నావి" అనేవాడు.

మంగళవారం వస్తే క్లబ్బు. చర్చి కింద గదిలో ఊరంత పట్టాలు పరిచి పెట్టుకున్నారు ఆ మగమహారాజులు. టైంటేబుల్ ప్రకారం నడుపుతారు, ఆలస్యమైతే పోట్లాడుకుంటారు. వాళ్లకొక నియమం ఉంది. ఎవరి పెట్టె పట్టాలు తప్పితే వాళ్లే ఎక్కించాలి. పక్కవాడు చెయ్యి పెట్టకూడదు. పెడితే, "నీకు చేతకాదు" అన్నట్టు లెక్క. ఆ పెట్టెలు వేలెడంత ఉంటాయి. వాటి చక్రాల అంచు కళ్లద్దాలు లేకపోతే నాకు కనిపించదు. ఆర్వో మాత్రం కబుర్లు చెబుతూ, చూడకుండానే, బొటనవేలితో ఒక్క నొక్కు నొక్కి ఎక్కించేసేవాడు.

తర్వాత ఆయన చేతులకు వణుకు వచ్చింది. ముందు కాఫీ కప్పు సాసరు మీద టకటకమంది. ఆ తర్వాత చొక్కా బొత్తాలు పెట్టుకోలేకపోయాడు. "ప్రాణానికేం భయం లేదు, కానీ ఇది పోయేది కాదు" అని డాక్టరు తేల్చేశాడు. ఆ శీతాకాలం ఒక మంగళవారం క్లబ్బులో ఆర్వో పెట్టె పట్టాలు తప్పింది. ఎక్కిద్దామని వంగాడు. చక్రం పట్టా మీద కూర్చోదు. మళ్లీ పెట్టాడు, మళ్లీ జారింది. అందరూ నడపడం ఆపి గోడలు చూస్తున్నారట. అప్పుడు క్లేటన్ చెయ్యి చాపి ఆ పెట్టెను పట్టాలెక్కించాడు. క్లేటన్ ఆర్వోతోపాటు గోదాముల్లో పనిచేసినవాడు, మా పిల్ల పెళ్లిలో తాగి ఏడ్చినవాడు. చెడ్డ బుద్ధితో చేసింది కాదు, జాలిపడ్డాడు. ఆ జాలే మా ఆయన భరించలేకపోయాడు.

ఇంటికొచ్చి నేలమాళిగ తలుపు మూశాడు. మంగళవారం వచ్చేది, పోయేది. ఫోను మోగితే, "నేను లేనని చెప్పు" అనేవాడు. టీవీలో మనకు సంబంధం లేని ఊళ్ల వాతావరణం చూస్తూ కూర్చునేవాడు, రెండు చేతులూ జేబుల్లో పెట్టుకుని. ఇంట్లో కూడా జేబుల్లోనే! నాకు భయమేసింది. చేతులు వణికితే వణకనీ, నాకది లెక్కలేదు. కానీ తప్పులు పట్టే, వాదించే, బేరాలాడే నా మొగుడు నాకు కావాలి. ఆయన్ని మళ్లీ రైళ్ల ముందు నిలబెట్టకపోతే ఆ కుర్చీలోనే అయిపోతాడని నాకు తెలిసిపోయింది.

"జర్మనీ వెళ్దాం" అన్నాను.

"వెళ్దాం. కానీ రైళ్ల దుకాణం అన్న మాట ఎత్తితే మాత్రం వెనక్కొచ్చేస్తా."

"నాకేం పని వాటితో! కొండలు చూద్దాం" అన్నాను. అబద్ధం. నిక్షేపంలాంటి అబద్ధం, ఇప్పటికీ సిగ్గుపడను.

హార్జ్ కొండల కింద చిన్న ఊరు. ఆవిరి ఇంజను అక్కడి నుంచి కొండెక్కుతుంది. ఆర్వోను టికెట్ల దగ్గర నిలబెట్టి నేను ప్లాట్‌ఫాం చివరికి నడిచాను. ఉన్నాడు పెద్దమనిషి, మెడలో కెమెరా కూడా ఉంది. అడిగాను.

"ఉందమ్మా, స్టేషన్ వెనక, కుట్టుమిషన్ల దుకాణం పక్కన. కానీ అక్కడ పెద్ద సైజువే దొరుకుతాయి, తోటల్లో నడుపుకుంటారే, అవి" అని మూతి కాస్త వంకర తిప్పాడు.

ఆ వంకర మూతి నాకు కొత్త కాదు. మా క్లబ్బులో తోట రైళ్ల మాటెత్తితే చాలు, "అవి రైళ్లా? పిల్లల ఉయ్యాలల పక్కన పెట్టుకునేవి" అని నవ్వుతారు. అందరికంటే గట్టిగా నవ్వేది ఆర్వోనే. నేను సముద్రం దాటి వచ్చింది ఆ పెద్ద సైజు కోసమే. చేతులు చిన్నవాటిని పట్టలేకపోతే పెద్దవాటిని పట్టుకోమనండి! ఇంత తేలిక విషయం ఆ మగాళ్లలో ఒక్కరికీ తట్టలేదు.

దుకాణం ముందుకు తీసుకెళ్లేసరికి ఆయనకు అర్థమైపోయింది.

"ఇర్యా! మాటిచ్చావు."

"దారి తప్పాను."

"నువ్వా? దారి తప్పడమా?" అని బోర్డు చూశాడు. "మధ్యాహ్నం మూసేస్తారట. పద పోదాం."

"నా కాళ్లు నొప్పి. తెరిచేదాకా ఇక్కడే కూర్చుంటాను. నీకు ఇష్టమైతే వెళ్లు" అని మెట్టు మీద చతికిలబడ్డాను. సంచీలోంచి బ్రెడ్డూ సాసేజీ తీసి తినడం మొదలుపెట్టాను. ఎక్కడికి పోతాడు, హోటలు తాళం నా దగ్గరే ఉంది.

తలుపు తీసినావిడ పేరు రోస్విత. లావుపాటి మనిషి, గొంతు ఇంకా లావు. ఆర్వో గుమ్మం దగ్గరే నిలబడ్డాడు, చేతులు జేబుల్లో. నేను కిటికీలోని ఎర్రటి బండిని చూపించాను. ముందు కొసదేరిన రేకుతో, పట్టాల మీద మంచు తోసుకుంటూ పోయే బండి అది. రోస్విత దాన్ని దించి, ఇటూ అటూ చూసి, తిన్నగా మా ఆయన దగ్గరికి నడిచింది.

"పట్టుకోండి. దీని ఇంజను పై అరలో ఉంది, నేను నిచ్చెన ఎక్కాలి."

ఆవిడకు ఏం తెలుసు? ఆర్వో జేబుల్లోంచి చేతులు తీశాడు. తీయక తప్పలేదు, ఆవిడ అప్పటికే వదిలేసింది. చేతులు వణికాయి. రొట్టె అంత బరువున్న ఆ బండి కూడా వాటితోపాటు వణికింది, కానీ కింద పడలేదు. ఆయన దాన్ని వెల్లకిలా తిప్పి చక్రాలు చూశాడు.

"మరీ లావు చక్రాలు. ఈ రేకు కోణం కూడా తప్పు. మా ఊరి మంచుకు ఇది పనికిరాదు" అన్నాడు.

ఏడుపొచ్చేసింది నాకు, సంతోషంతో. తప్పులు పడుతున్నాడు!

"అయితే వదిలేయండి" అంది నిచ్చెన మీది నుంచి రోస్విత.

"వద్దని ఎవరన్నారు? రేకు నేను వంచుకుంటాను. ఇది నాకు కాదు, మా ఆవిడకి."

"అవునవును. నా దగ్గరికి వచ్చే మగవాళ్లందరి ఇళ్లలోనూ ఆడవాళ్లకే రైళ్ల పిచ్చి" అంది ఆవిడ. ఇద్దరం కడుపు చెక్కలయ్యేలా నవ్వాం. ఆర్వో నవ్వలేదు, పట్టాలు కూడా చుట్టమన్నాడు.

ఇంటికొచ్చాక పార పట్టాడు. నేల గడ్డకట్టేలోగా పెరడంతా తవ్వి, కంకర పోసి, ఆవిరి స్నానం చేసే మా సౌనా గది చుట్టూ తిప్పి పట్టాలు పరిచాడు. నా ముల్లంగి మడి సగం పోయింది. రేకు కోణం సరిచేశాడు. అన్నీ చేశాడు కానీ బండిని పట్టాల మీద మాత్రం పెట్టేవాడు కాదు. "నీ బండి కదా, నువ్వే పెట్టు" అనేవాడు. వీధిలో ఎవరైనా ఆగి చూస్తే, "ఇర్యా బొమ్మలెండి" అని ఇంట్లోకి వచ్చేసేవాడు. రోజూ నేనే పెట్టాను, నోరెత్తకుండా. అది నాకెంత కష్టమో నన్నెరిగిన వాళ్లకు తెలుసు.

మొదటి మంచు మోకాలెత్తు కురిసిన రోజు పొద్దున్నే క్లేటన్‌కు ఫోను చేశాను. "క్లబ్బు వాళ్లందర్నీ తీసుకుని రా. వచ్చేటప్పుడు గులాబీ రంగు చక్కెర పూత బన్నులు తీసుకురా."

"వాడు రమ్మన్నాడా?"

"నేను రమ్మంటున్నాను. నా పెరడు కాదూ?"

వాళ్లు వచ్చేసరికి ఆర్వో నావైపు చూసిన చూపు ఇక్కడ రాయను. అయినా వాళ్లంతా కంచె పక్కన టోపీలతో బారుగా నిలబడ్డారు కనుక చేసేది లేక, "ఇర్యా, నీ బండి పెట్టు" అన్నాడు. పెట్టాను. ఆయన మీట తిప్పాడు. ఇంజను వెనక నుంచి తోస్తుంటే ఆ ఎర్ర బండి మంచులోకి దూరింది. రేకు రెండువైపులా తెల్లగా చిమ్మింది. క్లేటన్ ముఖం నిండా పడింది.

"ఓరి నీ! ఇదేం బండిరా! ఉయ్యాల పక్కన పెట్టుకునేదన్నావు!" అని అరిచాడు.

అందరూ అరిచారు. ఆర్వో నవ్వాపుకోవడం నేను చూశాను.

సౌనా మలుపు దగ్గర, చూరు నుంచి జారి గట్టిపడిన మంచు ఉంది. బండి దాని మీదికెక్కి, పక్కకు ఒరిగి, పట్టాలు తప్పింది. కంచె దగ్గరున్న వాళ్లు చెట్లు చూస్తున్నారు. బండి సరిగ్గా క్లేటన్ కాళ్ల దగ్గర పడి ఉంది. వాడు అలవాటుగా వంగి చెయ్యి చాపాడు. నేను కూడా మెట్లు దిగబోయాను, రోజూ పెట్టేది నేనే కదా.

"క్లేటన్, చెయ్యి తియ్యి" అన్నాడు ఆర్వో.

క్లేటన్ చెయ్యి ఉన్నచోటే ఆగింది.

"ఇర్యా, నువ్వూ ఆగు. పడింది నా బండి."

మంచులో మోకాళ్ల మీద కూర్చుని చేతి తొడుగులు లాగేశాడు. చేతులు వణుకుతున్నాయి, దాచుకోలేదు. రెండు చేతులతో బండిని ఎత్తి, పట్టా మీద ఆనించి, ముందు చక్రాన్ని అటూ ఇటూ జరిపాడు. ఒకసారి జారింది. తిట్టుకుని మళ్లీ పెట్టాడు. టక్కున కూర్చుంది.

లేచి, మోకాళ్ల మంచు దులుపుకుని, కంచె వైపు తిరిగాడు.

"ఏం నిలబడ్డారు? క్లేటన్, కాలు తియ్యి, బండి ఆలస్యమైపోతోంది."