రాళ్లు అటు తిరిగి ఎందుకు కూర్చున్నాయంటే

మొన్న వాట్సాప్‌లో ఎప్పటిదో గ్రూపు ఒకటి నిద్ర లేచి, ఏడేళ్ల కిందటి పరిశీలన కాగితాలు ఎవరి దగ్గరైనా ఉంటే ఫొటో తీసి పంపమంది. నాది దొరికింది. ఏడు రాళ్లకు ఏడు గళ్లు, ప్రతి గడిలోనూ నా గుండ్రటి దస్తూరీలో ఒకటే మాట: సూర్యుడితో సంబంధం లేదు. ముప్పై దాటకుండానే జ్ఞాపకాలేమిటని నవ్వకండి. పట్టా చేతికొచ్చిన మర్నాటి నుంచే ముసలితనం మొదలైన మన తరానికి ఇదేమీ తొందర కాదు.

అప్పుడు బీయెస్సీ పూర్తిచేసి, అరకు దగ్గర మా ఊళ్లో ఖాళీగా ఉంటూ, ఇంట్లో నేనొక్కణ్ణే శాస్త్రవేత్తనని నమ్ముతూ బతుకుతున్నాను. ఆకాశం మీద ఆసక్తి ఉన్నవాళ్లు కొందరు విశాఖ నుంచి వచ్చి, కొండల్లో పూర్వులు నిలబెట్టిన రాళ్లకూ సూర్యుడు పొడిచే చోటుకూ పొంతన ఉందేమో ఊరివాళ్లే చూసి రాయాలని ఒక పూట శిక్షణ ఇచ్చి కాగితాలు పంచారు. బాగా రాసినవాళ్లను విశాఖ సభలో మాట్లాడిస్తామన్నారు. ఆ సాయంత్రమే నేను అద్దం ముందు ఉపన్యాసం మొదలుపెట్టాను. మా వదిన కూడా శిక్షణకు వచ్చింది. అన్నయ్యను చేసుకుని పార్వతీపురం నుంచి వచ్చి ఆరు నెలలు, చదివింది కామర్సు. కాలక్షేపానికి వచ్చిందిలే అనుకున్నాను.

మా ఊరి పైన దిబ్బ మీద, పోయిన పెద్దల పేర నిలబెట్టిన రాళ్లు ఏడున్నాయి. ఒక్కొక్కటీ నడుమెత్తు పలక, దాని ముందు పరిచిన బల్లరాయి; చూస్తే అచ్చం కుర్చీలే. తాత కాలంలో మా ఇల్లు చర్చికి మళ్లాక వాటి ఊసు ఇంట్లో లేదు. నాన్నను కన్న మా అవ్వ మాత్రం చలికాలం పొద్దున్నే ఎండకని అక్కడికి వెళ్లి కూర్చునేది. నాన్న చూడనట్టు ఉండేవారు. నేను నిజంగానే చూడలేదు.

డిసెంబరు మంచులో మూడు రోజులు ఏమీ కనబడలేదు. నాలుగో రోజు తెరిపి ఇవ్వగానే ఒక్కో బల్లరాయి మీదా కూర్చుని, పలకకు వీపు ఆనించి, ఎదురుగా ఫోన్లో దిక్సూచి పట్టాను. ఎదుట పడమటి కొండ. అక్కడ సూర్యుడు పొడవాలంటే భూమి నా కోసం వెనక్కి తిరగాలి. అరగంటలో ఏడు గళ్లూ నింపి, ఇంటికొచ్చి అంబలి తాగి, మళ్లీ అద్దం ముందుకు వెళ్లాను.

వదిన మాత్రం రెండు వారాలు రోజూ వెళ్లింది, ఫ్లాస్కులో టీ పట్టుకుని (కాఫీ పండించి టీ తాగే ఊరు మాది). నాతో తిన్నావా లేదా అన్న మాట దాటి మాట్లాడని అవ్వ, ఆమె పక్కన కూర్చుని గలగలలాడేది. ఇద్దరి నవ్వులూ కింద మా వాకిట్లోకి వినిపించేవి. నాకు కడుపులో మండేది. అజీర్ణమని అమ్మకు చెప్పి వాము నీళ్లు తాగాను. తగ్గలేదు.

నెలాఖరున విశాఖ నుంచి ఫోను వచ్చింది, వదినకు. ఆమె రాసిందల్లా ఇంతే: ఈ రాళ్లకు ముఖం కాదు, వీపు చూడాలి, ఏడింటి వీపులూ చలికాలంలో సూర్యుడు పొడిచే కొండ సందు వైపే ఉన్నాయి. సంగతి చెప్పినవారు అన్న చోట అవ్వ పేరు రాసింది. నేను దిబ్బ ఎక్కి, పెద్దలన్నవాళ్లు సూర్యుడికి వీపు పెట్టి కూర్చోవడమేమిటని అవ్వనే నిలదీశాను.

"ఒరే, సలికాలం ఎండకి మొకం ఎట్టి ఎవులు కూసుంటార్రా? వీపు ఎట్టి కూసుంటారు. సచ్చిపోయినోళ్లకి సలెయ్యదేటి?"

ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదన్నాను.

"నువ్వెప్పుడేనా అడిగేవేటి? ఈ గుంట అడిగింది."

కోపంగా అన్నా బాగుండేది. పక్కనున్న వదినను గడ్డంతో చూపించి, టీ ఊదుకుంటూ అంది. ఇద్దరం కలిసి చెబుదాం రా మరిదీ అని వదిన పిలిచింది. విశాఖ ఉక్కపోత నాకు పడదన్నాను, జనవరిలో. ఆమె మాట్లాడటం ఫోన్లో చూశాను. బాగా మాట్లాడింది, అదింకో బాధ. ఒక ఊరి రాళ్లతో ఏదీ రుజువు కాదని సభలో ఎవరో అన్నారు; ఆ పెద్దమనిషికి ఇప్పటికీ మనసులో దండం పెట్టుకుంటాను.

అవ్వ పోయి రెండేళ్లయింది. సూర్యుడు ఏ రోజు ఎక్కడ పొడుస్తాడో ఇప్పుడు ఫోనే చెబుతుంది. అందుకోసం ఎవరూ మంచులో కూర్చోనక్కర్లేదు, పక్కన ఇంకొకరు ఉండనక్కర్లేదు. సెలవుల్లో ఇంటికి వెళ్తే, అవ్వ చెప్పిన సంగతులు వదిన తన కూతురికి చెబుతుంటుంది: చిన్నప్పుడు సామ చేలో ఎలుగు ఎదురుపడటం, మొదటి సంబంధం వాళ్లొస్తే పనసచెట్టెక్కి దిగనని కూర్చోవడం. ఇరవై రెండేళ్లు అవ్వతో ఒకే కప్పు కింద ఉన్న నేను, ఆ పిల్ల పక్కన చేరి, నాకివన్నీ ఎప్పుడో తెలిసినట్టు తలాడిస్తూ వింటాను.