కాగితం చుట్టిన అయస్కాంతం

మా సైన్సు టీచర్ పోయారు. ఫోన్ చేసి చెప్పింది అంకుల్, అంటే ఆమె భర్త. "టీచర్ పోయింది బిడ్డా. నిద్రలనే పోయింది. జర నువ్వు రా," అన్నారు. మెదక్‌లో మా బడిలో చదివిన అందరికీ ఆమె టీచరే, కట్టుకున్న ఆయనకూ టీచరే. నేనప్పుడు హైదరాబాద్‌లో, ల్యాబ్‌లో ఉన్నాను. చేతుల గ్లవుజులు తీయడం కూడా మరిచి స్టూలు మీద కూలబడ్డాను.

మాది కౌడిపల్లి పక్క వ్యవసాయ కుటుంబం. రోజూ బస్సులో మెదక్ బడికి వచ్చేదాన్ని. అయస్కాంతం పాఠం వచ్చిందంటే చాలు, టీచర్ మా చేత పుస్తకాలు మూయించేవారు. వాన వెలిసి నేల ఆరాక, బడి వెనక నీళ్ళు పారిన చోట ఇసుక మీద నల్లటి చారలు మిగిలేవి. "గదే ఇనుప రజను. నడువుండ్రి, ఏరుకొద్దాం," అని మమ్మల్ని వెంటేసుకుని పోయేవారు. రామాయంపేటలో ఒక మెకానిక్ పాడైన స్పీకర్లలోంచి తీసిచ్చిన అయస్కాంతాలు తలా ఒకటి చేతిలో పెట్టేవారు. ఒకటే షరతు, ముందు దానికి కాగితం చుట్టాలి.

నాకు అంత ఓపిక ఎక్కడిది? కాగితం లేకుండానే ఇసుకలో తిప్పాను. రజనంతా గడ్డంలా మొలిచి కూర్చుంది. గోళ్ళతో గీకాను, లంగాకు రుద్దాను, ఊదాను. కొంచెం కూడా వదల్లేదు. టీచర్ తిట్టలేదు. పక్కన కూర్చుని, కాగితం పొట్లంలోంచి తన అయస్కాంతాన్ని మెల్లగా బయటికి లాగారు. కాగితానికి అంటుకున్న రజను సర్రున రాలిపోయింది.

"గుంజుడు సులువే బిడ్డా. ఇడిసిపెట్టుడే నేర్వాలె."

టీచర్ రిటైరయ్యాక కూడా ఆ అయస్కాంతం ఆమె హ్యాండ్‌బ్యాగులో, దువ్వెన పక్కన ఉండేది. చర్చిలో ఎవరి సూది కింద పడినా టీచర్‌కే కబురు వచ్చేది.

ఒక క్రిస్మస్‌కి వెళ్ళి, నేను చేసే పరిశోధన గురించి ఆమెకు చెప్పాను. కంటికి కనిపించనంత సన్న ఇనుప రేణువులు. ఒకదానికొకటి అంటుకుని గడ్డకట్టకుండా వాటికి పైపూత వేసి, క్యాన్సర్ మందు ఎక్కించి, రక్తంలోకి పంపిస్తాం. క్యాన్సర్ గడ్డ ఉన్న చోట బయటినుంచి అయస్కాంతం పెడితే మందు అక్కడికే చేరాలని మా ప్రయత్నం. గడ్డ ఎక్కడుందో స్కానింగులో చూపించడానికీ ఆ రేణువులే పనికొస్తాయి. ఇదంతా ఇంకా ఎలుకల మీదే.

"అంటె నా రజనుకే నువ్వు కాగితం తొడుగుతున్నవన్న మాట!" అని మురిసిపోయారు. వచ్చిన ప్రతి ఒక్కరికీ కేకు ముక్కతో పాటు ఆ సంగతి కూడా పెట్టారు.

తర్వాత ఆమెకే జబ్బు వచ్చింది. ఎంఆర్ఐ స్కానింగుకు నేనే తోడు వెళ్ళాను. "ఇనుప సామాన్లు ఏమన్న ఉంటె ఇయ్యుండ్రి అమ్మా," అన్నాడు టెక్నీషియన్. ఆమె తలపిన్నులు తీసిచ్చి, బ్యాగులోంచి అయస్కాంతం కూడా తీశారు. ఆ మిషనే ఒక పెద్ద అయస్కాంతం కదా, అతను ఉలిక్కిపడి, "అమ్మో, గిదేందమ్మా!" అన్నాడు.

"లోపల దీని పెద్దన్న ఉన్నడు గదా. ఒక్కపారి కలవనియ్యవా?"

ముగ్గురం పగలబడి నవ్వాం. మేము అట్లా నవ్వడం అదే ఆఖరు.

గడ్డ క్లోమంలో ఉంది, వెన్ను వైపు, బాగా లోతుకు. మందులు మొదలయ్యాక ఆమె జుట్టు రాలిపోయింది, గంజి కూడా ఇమిడేది కాదు. "ఒక్కకాడ ఉన్నదానికి ఒళ్ళంత ఎందుకు శిక్ష బిడ్డా?" అని ఒకరోజు నీరసంగా అడిగారు. ఆ శిక్ష తప్పించాలనే కదా మా పని. నా చదువు మీద నాకు అంత కోపం ఎప్పుడూ రాలేదు.

ఆ సాయంత్రం అంకుల్ చాయ్ ఇచ్చి, నా ఎదురుగా కూర్చున్నారు. "నువ్వు చేసేది గదే మందు గదా, గడ్డ కాడికే పోయేది. జర అంత తెచ్చియ్యరాదు బిడ్డా? ఎవ్వలకు చెప్పం," అన్నారు. ఆ మనిషి ఎవరినీ ఏదీ అడిగి ఎరుగరు. అది ఇంకా మనిషికి ఇవ్వదగ్గ మందు కాదని, అంత లోతుకు బయటి అయస్కాంతం లాగలేదని నాకు తెలుసు. చాయ్ గ్లాసు కింద పెట్టాను.

మంచం మీదినుంచి టీచరే అందుకున్నారు. "పిల్లను పరేషాన్ చెయ్యకు. అయస్కాంతం దగ్గరుంటెనే గుంజుతది. నాది లోతుకున్నది, అందది. నేనే గద పిల్లలకు చెప్పిన." కాసేపు ఊపిరి తీసుకుని నా వైపు తిరిగారు. "ఎలుకలకైన నయమైతున్నదా?"

"కొన్నిటికైతున్నది టీచర్."

"మంచిగైంది. గవాటి అదృష్టం."

నేను చెప్పాల్సిన మాట ఆమె తన నోటితో చెప్పి, నన్ను ఆ బాధలోంచి తప్పించారు. పెరట్లోకి పోయి ఏడ్చాను.

సమాధి చేసిన కొన్నాళ్ళకు అంకుల్‌తో కలిసి అక్కడికి వెళ్ళాను. ఆయన జేబులోంచి అయస్కాంతం తీసి, "నీకియ్యుమన్నది," అన్నారు. దానికి కొత్త కాగితం చుట్టి ఉంది. టీచరే మంచం మీద పడుకుని చుట్టి ఉంటారు, మడతలు వంకరగా ఉన్నాయి.

సమాధి మీది మట్టి అప్పటికి ఆరింది. వంగి, అయస్కాంతాన్ని దాని మీద ఆనించాను. పైపై రజను లేచి కాగితాన్ని పట్టుకుంది. లోపల ఉన్న మనిషి ఎంత లోతున ఉన్నారో నాకు అప్పుడు తెలిసొచ్చింది. ఎంతసేపు అట్లాగే పట్టుకున్నానో ఏమో, అంకుల్ నా భుజం మీద చెయ్యి వేశారు.

"ఇగ పోదాం బిడ్డా."

కాగితంలోంచి అయస్కాంతాన్ని మెల్లగా లాగాను. రజనంతా సర్రున ఆమె మట్టి మీదే రాలిపోయింది.