చెప్పులకు కాళ్లు దేవులాడిన

2023, వానలు మొదలైన నెల. సూరత్‌ల వేసు దిక్కు ఒక ఫ్లాటు. ఇండ్లు సదురుడే నా పని. డీక్లటరింగ్ అంటరు, అంటే అక్కరలేనిది తీసేసి, ఉన్నదాన్ని చేతికందేటట్టు పెట్టుడు. "మంది ఇండ్లు సదురుతవు, నీ ఇల్లు సూస్కో" అని మా అమ్మ నవ్వుతది. ఎన్ని ఇండ్లు సదిరినా ఈ చెప్పుల కేసు యాదికొస్తే నాకు ఇప్పటికీ సంబురం ఆగదు!

ఆ ఇల్లు అనూరాధ మేడంది. పిల్లల డాక్టరు, గుంటూరు దిక్కు మనిషి. "షూ ర్యాకు సర్దేయండి సుజాత గారూ, సజ్జ మీద మూటలు కూడా దించండి" అని తాళంచెవి నా చేతుల పెట్టి డ్యూటీకి ఉరికింది.

మా పనిల మొదటిది సార్టింగ్. అన్నీ నేల మీద పరిచి, ఏది దేనిదో ఏరుడు. పరిచి చూస్తే ర్యాకుల ప్రతి జతా తప్పే! ఎడమది నాలుగో నంబరు, కుడిది ఆరు. మూటలు విప్పితే అవే డిజైన్లు, ఎడమది ఆరు, కుడిది నాలుగు. అన్నీ కొత్తవే. పనామె ఆగం చేసినట్టున్నది అనుకున్న. పొద్దుగూకేదాక కూసొని నాలుగుకు నాలుగు, ఆరుకు ఆరు కలిపి, నంబర్లు రాసి అంటించిన. నా పనికి నేనే మురిసిపోయిన.

మేడం వచ్చి చూసింది. మొఖం వాడిపోయింది. కూసొని బూట్లు విప్పింది. ఎడమ పాదం చిన్నది.

"పుట్టినప్పటి నుంచీ ఇంతేనండీ. ఏది నచ్చినా రెండు జతలు కొనాలి. మిగిలినవి పారేయడానికి చెయ్యి రాదు."

"జర ముందుగాల చెప్పకపోతిరి మేడం?"

"సిగ్గేసింది. షాపుకెళ్లడం కాలేజీ రోజుల్లోనే మానేశాను, అన్నీ ఆన్‌లైన్‌లోనే. చెప్పులంటే ఎంత పిచ్చో నాకు! కానీ ఆ మూటలు చూస్తే తప్పు చేసినట్టుంటుంది. ఒక్క నల్ల జత ఉంచి అన్నీ తీసేయండి. ఇక కొనను."

నా పానం సుర్రుమన్నది. చేసిందంతా విప్పి, మళ్ల ఎట్లున్నయో అట్ల కలిపిన. కలుపుతుంటే బుర్రల తట్టింది. ఇంత పెద్ద ఊర్ల ఈమెకు ఉల్టా, కుడి పాదం చిన్నగున్న మనిషి ఒక్కతన్న ఉండదా?

"ఒక్క వారం ఆగుండ్రి మేడం, ఏదీ తీసెయ్యకుండ్రి" అన్న.

కోసాడ్ కాలనీల మా ఇంటికి పోయి అమ్మకు చెప్తే నవ్వుతదనుకున్న. ఆమె ఆకుకూర ఏరుడు ఆపి, "మన లచ్చవ్వ లేదానే? కుడి చెప్పుల పేలికలు కుక్కుకొని నడుస్తది" అన్నది. తెల్లారి మేడంను అడిగి మూటలకెల్లి ఒక జత సంచిల వేసుకొని ఉరికిన! లచ్చవ్వ కాలనీ గేటు కాడ సర్వపిండి అమ్ముతది.

"దానం గిట్ల నేను తీసుకోను" అన్నది మొఖం తిప్పుకొని.

"దానం కాదే తల్లీ, కాళ్లు దేవులాడుకుంట వచ్చిన. ఒక్కసారి తొడుగు!"

తొడిగింది. పది అడుగులు వేసింది, ఆగింది, మళ్ల పది వేసింది. "ఓయమ్మో, జారుతలేదు!" అని గట్టిగ అరిచింది. నేను ఆమెకంటె గట్టిగ అరిచిన. సర్వపిండికి నిలబడ్డోళ్లు మా దిక్కే చూసిండ్రు.

ఐతారం ఆమెను మేడం ఇంటికి తోలుకపోయిన. లచ్చవ్వ ఊకెనే అన్నీ తీసుకునే రకం కాదు. నడవొచ్చేవి ఏరుకొని, హీల్సు పక్కకు నూకింది. "పెనం కాడ నిలబడేదాన్ని, గివి నాకేంది మేడం? ఇగ మీద మీరొక్కరే కొనకుండ్రి. ఇద్దరం పోదాం. నాకు నచ్చకపోతే కొనేది లేదు."

మేడం కండ్లల్ల నీళ్లు, పెదవుల మీద నవ్వు. "సరే లచ్చవ్వ గారూ" అన్నది.

ఎవలి సామాను ముట్టినా ఇప్పుడు నేను నంబర్లు చూడ. ముందుగాల మనిషిని అడుగుత, మీరు దీన్ని ఎట్ల వాడుతరు అని. తప్పు చేసి నేర్చుకున్న ముచ్చట ఇది.

దసరా ముందు ముగ్గురం చెప్పుల షాపుకు పోయినం. ఇద్దరూ ఒకే బల్ల మీద కూసున్నరు. "ఏ నంబరు, బెన్?" అని షాపాయన అడిగిండు, బెన్ అంటే గుజరాతీల అక్క. మేడం మేజోళ్లు విప్పేసి, అందరి ముందర రెండు పాదాలూ చాపి పెట్టింది.